జార్జియా 1868 శాసనసభ: ఒక్క సీటుకు ఇద్దరు సభ్యులేంటి?

పీచ్‌ట్రీ_నాన్న
మా పాప ఇక్కడ అట్లాంటాలో ఎనిమిదో తరగతి. జార్జియా చరిత్రలో ప్రాజెక్టు ఇచ్చారు. అంతర్యుద్ధం అయ్యాక నల్లజాతి వాళ్ళు తొలిసారి గెలిచి కూర్చున్న రాష్ట్ర శాసనసభ మీద చార్టు వేయాలి. శనివారం మధ్యాహ్నం ఇద్దరం కూర్చున్నాం. నేను కౌంటీ (ఇక్కడి జిల్లా లాంటిది) పేరు చదవడం, తను ఎదురుగా సభ్యుడి పేరు రాయడం. కాసేపు బాగానే సాగింది. తర్వాత చూస్తే కొన్ని సీట్లకు రెండేసి పేర్లు! ఉపఎన్నిక జరిగిందేమో అనుకున్నా. కానీ అన్నీ ఒకే నెలలో, 1868 సెప్టెంబరులోనే మారాయి. ఒకేసారి అన్ని ఉపఎన్నికలు ఎలా వస్తాయి?

ఇంకో తలనొప్పి. నల్లజాతి సభ్యులు ఎంతమంది అంటే ఒకచోట 33 అని ఉంది, ఇంకోచోట అంతకంటే తక్కువ ఉంది. సోమవారం కల్లా చార్టు ఇవ్వాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

రాత్రి_షిఫ్ట్
పార్టీ మారి ఉంటారు, అనర్హత వేటు పడి ఉంటుంది.

చరిత్ర_పిచ్చి
పార్టీ మారడం కాదు తమ్ముడూ. చర్మం రంగు చూసి సభలోంచి గెంటేశారు. గెంటేసింది పోలీసులు కాదు, దుండగులు కాదు. సాటి సభ్యులే తీర్మానం పెట్టి, ఓటు వేసి మరీ పంపించారు.

వరసగా చెప్తాను. 1868 ఏప్రిల్‌లో జార్జియాలో ఎన్నికలు జరిగాయి. అంతకుముందు బానిసలుగా ఉన్నవాళ్ళు కూడా క్యూలో నిలబడి ఓటేశారు. రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం నెగ్గింది. రిపబ్లికన్ పార్టీ రూఫస్ బుల్లక్ గవర్నరయ్యాడు. శాసనసభలో దిగువ సభకు 175 సీట్లు, సెనేట్‌కు 44. జులైలో అట్లాంటాలో సభ కొలువుదీరింది. నల్లజాతి సభ్యుల్లో ఎక్కువమంది దిగువ సభలోనే, సెనేట్‌లో ముగ్గురు.

రెండు నెలలు కూడా గడవలేదు. సెప్టెంబరు 3న దిగువ సభలో తీర్మానం పెట్టారు: రాజ్యాంగం వీళ్ళకు ఓటు ఇచ్చింది గానీ పదవి చేపట్టే హక్కు ఇచ్చిందని ఎక్కడా రాయలేదు, కాబట్టి వీళ్ళు అనర్హులు అని. 83 మంది సై అన్నారు, 23 మంది కాదన్నారు. కొద్ది రోజులకే సెనేట్ కూడా అదే పని చేసింది. ఖాళీ అయిన సీట్లలో ఓడిపోయిన వాళ్ళను, అంటే రెండో స్థానంలో వచ్చినవాళ్ళను కూర్చోబెట్టారు. మీరు చూసిన రెండో పేరు అదే. జనం వద్దన్నవాడు లోపలికొచ్చాడు, జనం కావాలన్నవాడు బయటికెళ్ళాడు.

పీచ్‌ట్రీ_నాన్న
ఇది చదివి పాపకు చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మరి వాళ్ళ పార్టీ వాళ్ళు ఏం చేశారు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

చరిత్ర_పిచ్చి
సరైన ప్రశ్న వేసింది. బాధాకరమైన భాగం అక్కడే ఉంది. తెల్ల రిపబ్లికన్లలో కొందరు డెమొక్రాట్లతో కలిసి ఓటేశారు, ఇంకొందరు అసలు ఓటే వేయలేదు. ఆ నల్లజాతి ఓట్లతో గెలిచినవాళ్ళే. అవసరం తీరింది, వదిలేశారు.

తెనాలి_ప్లీడరు
నన్ను తిట్టకండి, ఒక్క మాట. "ఓటు హక్కు వేరు, పోటీ చేసే హక్కు వేరు" అన్న వాదన గాల్లోంచి పుట్టింది కాదు. మన దగ్గరా 18 ఏళ్ళకు ఓటు, అసెంబ్లీకి నిలబడాలంటే 25 నిండాలి. రెండూ ఒకటే అని ఏ రాజ్యాంగం దానంతట అది చెప్పదు, రాసుకోవాలి. 1867–68లో జార్జియా రాజ్యాంగ సభలో పదవులు చేపట్టే హక్కును స్పష్టంగా చెప్పే వాక్యం పెట్టాలని చూశారు. అది చివరికి నిలబడలేదు. రాజ్యాంగం నెగ్గాలంటే తెల్ల ఓటర్లను బెదరగొట్టకూడదని నల్లజాతి ప్రతినిధులు కూడా సర్దుకుపోయారు. ఆ వాక్యం ఉండి ఉంటే సెప్టెంబరులో ఈ తీర్మానం పెట్టడానికి సందే దొరికేది కాదు.

గోదావరి_గట్టు
ప్లీడరు గారూ, 18 ఏళ్ళవాడికి ఏడేళ్ళు ఆగితే 25 వస్తాయి. వీళ్ళు ఎన్నేళ్ళు ఆగితే రంగు మారుతుంది?

తెనాలి_ప్లీడరు
కాదనను. అది న్యాయం అని నేను అనలేదు. కన్నం ఎక్కడుందో చెప్పాను. ఆ కన్నాన్ని తర్వాత కోర్టే పూడ్చింది, అదీ వినండి. 1869లో జార్జియా సుప్రీంకోర్టుకు రిచర్డ్ వైట్ కేసు వచ్చింది. ఆయన సవన్నా ఉన్న చాథమ్ కౌంటీలో కోర్టు క్లర్కుగా గెలిచాడు. ఓడినవాడు "నల్లజాతి వాడు కాబట్టి అనర్హుడు" అని కేసు వేశాడు. పౌరుడైన వాడికి పదవి చేపట్టే హక్కు కూడా ఉందని కోర్టు తేల్చింది. తీర్పిచ్చిన వాళ్ళలో ప్రధాన న్యాయమూర్తి జోసెఫ్ బ్రౌన్ ఒకడు. యుద్ధకాలంలో కాన్ఫెడరేట్ వైపు, అంటే అమెరికా నుంచి విడిపోయిన దక్షిణ రాష్ట్రాల వైపు, గవర్నరు ఆయనే. అంతకుముందు ఎన్నికల ప్రచారంలో "వీళ్ళకు ఓటే ఉంటుంది, పదవి ఉండదు" అని తెల్ల ఓటర్లకు నచ్చజెప్పింది కూడా ఆయనే!

వరంగల్_మాస్టారు
అంటే కోర్టు చెప్పగానే సభ వెనక్కి తీసుకుందా?

తెనాలి_ప్లీడరు
లేదు మాస్టారూ. అది ఒక క్లర్కు కేసు. సభ చెవిన పెట్టలేదు.

కృష్ణవేణి_77
వాదనల్లో మనుషులు కనపడకుండా పోతున్నారు. ఏబ్రమ్ కోల్బీ గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను.

గ్రీన్ కౌంటీ నుంచి గెలిచాడు. బానిసగా పుట్టినవాడు. సభలోంచి పంపేసినా ఊళ్ళో రాజకీయం మానలేదు. స్థానిక వ్యాపారులు వచ్చి బేరం పెట్టారు: మా వైపు వస్తే 5,000 డాలర్లు, ఊరికే తప్పుకుని సీటు ఇంకొకరికి వదిలినా 2,500. ఆ రోజుల్లో ఆ డబ్బంటే ఏంటో ఊహించుకోండి. కౌంటీ మొత్తం రాసిచ్చినా చేయనన్నాడు.

1869 అక్టోబరు 29 రాత్రి కూ క్లక్స్ క్లాన్ (నల్లజాతి వాళ్ళ మీద దాడులు చేసే తెల్లవాళ్ళ రహస్య ముఠా) వాళ్ళు తలుపు పగలగొట్టారు. మంచం మీంచి లాక్కెళ్ళి అడవిలో మూడు గంటలకు పైగా కొట్టారు. కర్రలతో, చివర బకిల్స్ ఉన్న తోలు పట్టీలతో. మధ్యలో ఆపి అడిగారట, "మళ్ళీ ఆ పార్టీకే ఓటేస్తావా?" అని. ఆయన "అబద్ధం చెప్పను, రేపు ఎన్నిక ఉంటే దానికే వేస్తాను" అన్నాడు. మళ్ళీ కొట్టారు. చచ్చాడనుకుని వదిలి వెళ్ళారు.

ఇవన్నీ తర్వాత కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) విచారణ సంఘం ముందు ఆయన స్వయంగా చెప్పిన మాటలు. ఆ వచ్చినవాళ్ళు ఎవరంటే ఒకరు లాయరు, ఒకరు డాక్టరు, కొందరు రైతులు అన్నాడు. ఆ ఇంట్లో తల్లి, భార్య, చిన్న కూతురు ఉన్నారు. నాన్నను తీసుకెళ్ళొద్దని ఆ పిల్ల వేడుకుంది. దాని మీదికి తుపాకీ ఎత్తారు. ఆ భయం నుంచి తేరుకోలేక పోయిందని, చివరికి చనిపోయిందని చెప్పాడు.

నేనూ ఒక కూతురి తల్లిని. ఆ సాక్ష్యం చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

రాత్రి_షిఫ్ట్
అక్కా... పైన నేను తేలిగ్గా రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నా.

గోదావరి_గట్టు
ఆ రోజు సభలో వీళ్ళు నోరు మూసుకుని వెళ్ళిపోయారా?

చరిత్ర_పిచ్చి
నోరు మూసుకోవడమా! హెన్రీ మెక్‌నీల్ టర్నర్ ప్రసంగం ఉంది చూడండి. మేకన్ ఊరున్న బిబ్ కౌంటీ సభ్యుడు. చర్చి ప్రబోధకుడు, యుద్ధంలో యూనియన్ (ఉత్తరాది) సైన్యంలో తొలి నల్లజాతి చాప్లిన్, అంటే సైనికుల మతగురువు. సెప్టెంబరు 3న ఓటింగుకు ముందు లేచి మాట్లాడాడు. అంతకుముందు మాట్లాడిన తనవాళ్ళలో కొందరు ఎదుటివాళ్ళ దయ, పెద్దమనసు గురించి పొగిడారు. అది కొరడా కింద బానిసలు బతిమాలుకున్నట్టుంది అన్నాడు. నేను ఎవరి ముందూ వంగను, నా హక్కుల కోసం అడుక్కోను, ఇక్కడికి వచ్చింది వాటిని డిమాండు చేయడానికి అన్నాడు. 250 ఏళ్ళు మీ పొలాలు దున్నాం, పంటలు కోసి ఇళ్ళకు చేర్చాం, మా నాన్నలు కార్చిన చెమటకు కూలి అడిగామా అని నిలదీశాడు. నేను మనిషినా కాదా, ముందు అది తేల్చండి అని అడిగాడు.

ఇందులో నన్ను పట్టేసింది ఏంటంటే, ఈ టర్నరే రాజ్యాంగ సభలో చాలా మెత్తగా ఉన్నాడు. కాన్ఫెడరసీ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌కు క్షమాభిక్ష పెట్టమనడాన్ని కూడా సమర్థించాడు. చెయ్యి చాస్తే వాళ్ళూ చాస్తారని నమ్మాడు. ఆ నమ్మకం విరిగిన రోజు మాట్లాడిన మాటలవి.

వరంగల్_మాస్టారు
ఈ ప్రసంగం నేను రిటైర్ కాకముందు ఇంటర్ పిల్లలకు తెలుగులో చెప్పేవాణ్ణి. ఆ 250 ఏళ్ళ దగ్గరికి రాగానే క్లాసంతా నిశ్శబ్దం అయ్యేది. వెట్టి చేసిన తాతల ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలుండేవాళ్ళు, వాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు.

నల్లమల_పిల్లోడు
33 లెక్క సంగతి ఎవరూ చెప్పలేదు. నాకూ డౌటే.

చరిత్ర_పిచ్చి
అది చెప్పడం మర్చిపోయా. పీచ్‌ట్రీ గారూ, మీ లెక్కలు తేడా రావడానికి కారణం ఉంది. గెలిచినవాళ్ళందరినీ ఒకే తీర్మానంతో పంపలేదు. నలుగురిని వదిలేశారు. వాళ్ళు మిశ్రమ సంతతి, మేనిఛాయ తెలుపుకు దగ్గర. జార్జియా చట్టం ప్రకారం ఎనిమిదో వంతు నల్లజాతి రక్తం ఉంటేనే "రంగు జాతి". ఆ నలుగురి విషయంలో అది రుజువు చేయలేకపోయారు. క్లార్క్ కౌంటీ మాడిసన్ డేవిస్ వాళ్ళలో ఒకడు. ఇక సెనేటర్ ఏరన్ బ్రాడ్లీ అయితే వేరే పాత అభియోగం మీద అంతకుముందే సభ వదలాల్సి వచ్చింది. ఇలా ఎవరిని కలుపుతారు, ఎవరిని తీసేస్తారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. జనం వాడుకలో నిలిచిపోయింది మాత్రం "తొలి 33".

నల్లమల_పిల్లోడు
ఎనిమిదో వంతా?! అంటే ముత్తాతల్లో ఒకరు. సభలో కూర్చుని ముత్తాత ఎవరని విచారించారన్నమాట.

కృష్ణవేణి_77
ఆ నలుగురి పరిస్థితి ఆలోచించండి. తనవాళ్ళందరూ బయటికి వెళ్తుంటే సీట్లో కూర్చుని ఉండాలి. నిలబడితే సీటు పోతుంది, కూర్చుంటే మనసు ఊరుకోదు.

గోదావరి_గట్టు
కొంచెం పక్కకు వెళ్తున్నా. లింకన్ కూడా మొదట రాష్ట్ర శాసనసభ సభ్యుడే కదా? అదీ జార్జియానేనా?

చరిత్ర_పిచ్చి
కాదు, ఇల్లినాయ్. 1834లో గెలిచాడు, వరసగా నాలుగు సార్లు. వాళ్ళ కౌంటీ సభ్యులు తొమ్మిది మందిని "పొడుగు తొమ్మిది" అనేవాళ్ళు. అందరి ఎత్తూ కలిపితే 54 అడుగులట. రాజధానిని వాండేలియా నుంచి స్ప్రింగ్‌ఫీల్డుకు తెప్పించింది వాళ్ళే. 1840లో ఒకసారి కోరం కాకుండా చేయడానికి లింకన్ కిటికీలోంచి దూకేశాడు కూడా.

రాత్రి_షిఫ్ట్
అంత పొడుగు మనిషికి కిటికీ దూకడం అంటే గడప దాటినట్టే.

గోదావరి_గట్టు
సభలోంచి బయటపడాలని కిటికీ దూకినవాడు ఒకడు, సభలో ఉంటామంటే గెంటించుకున్నవాళ్ళు వీళ్ళు. సరే, మళ్ళీ జార్జియాకు వద్దాం. తర్వాత ఏమైంది? అంతటితో అయిపోయిందా?

చరిత్ర_పిచ్చి
ముందు రక్తం పారింది. పంపేసిన సభ్యుల్లో ఫిలిప్ జాయినర్ ఒకడు, డౌర్టీ కౌంటీ. 1868 సెప్టెంబరు 19న, అంటే బహిష్కరణ జరిగిన 16 రోజులకు, ఆయనా ఇంకొందరూ కలిసి అల్బనీ నుంచి కమిలా అనే ఊరికి ఎన్నికల సభ కోసం ఊరేగింపుగా వెళ్ళారు. కోర్టు కూడలిలో కాచుకుని కాల్చారు. దాదాపు 12 మంది చనిపోయారు. గాయపడి అడవుల్లోకి, చిత్తడి నేలల్లోకి పారిపోయినవాళ్ళను రోజుల తరబడి వేటాడారు.

వాషింగ్టన్‌లో అప్పటికి కళ్ళు తెరుచుకున్నాయి. జార్జియా సభ్యులను కాంగ్రెస్‌లో కూర్చోనివ్వలేదు. 1869 డిసెంబరులో చట్టం చేసి రాష్ట్రాన్ని మళ్ళీ సైన్యం కింద పెట్టారు. 1870 జనవరిలో జనరల్ ఆల్ఫ్రెడ్ టెర్రీ వచ్చాడు. అర్హత లేని మాజీ కాన్ఫెడరేట్లను సభలోంచి తీసేశాడు, వాళ్ళ స్థానంలో రెండో స్థానంలో ఉన్న రిపబ్లికన్లను పెట్టాడు, పంపేసిన నల్లజాతి సభ్యులను తిరిగి కూర్చోబెట్టాడు.

కాబట్టి పీచ్‌ట్రీ గారూ, జాబితాలో ఇంకో మార్పు కూడా కనిపిస్తుంది చూడండి. 1868 ఏప్రిల్, 1868 సెప్టెంబరు, 1870 జనవరి. ఒకే సభకు మూడు రూపాలు.

పీచ్‌ట్రీ_నాన్న
ఇప్పుడర్థమైంది! కొన్ని పేర్లు పోయి మళ్ళీ వచ్చాయి. మేము అది అచ్చుతప్పు అనుకుని కొట్టేశాం. పాప ఆ పేర్లు మళ్ళీ రాస్తోంది.

తెనాలి_ప్లీడరు
ఆ మూడో రూపంలో ఉన్న సభే 1870 ఫిబ్రవరిలో అమెరికా రాజ్యాంగం 15వ సవరణను ఆమోదించింది, రంగు కారణంగా ఓటు నిరాకరించకూడదన్నది. జులైలో జార్జియా పూర్తిగా అమెరికా సమాఖ్యలోకి తిరిగి వచ్చింది. అయితే ఒక మాట. 15వ సవరణలో పదవులు చేపట్టే హక్కు కూడా కలపాలని కాంగ్రెస్‌లో కొందరు పట్టుబట్టారు, చివరికి దాన్ని వదిలేశారు. జార్జియాలో పడిన దెబ్బ కళ్ళముందే ఉన్నా సరే, మళ్ళీ అదే సందు వదిలారు. లాయరుగా నాకు ఇది మింగుడు పడదు.

వరంగల్_మాస్టారు
సైన్యం వచ్చి కూర్చోబెట్టింది. సైన్యం వెళ్ళాక?

చరిత్ర_పిచ్చి
మీరు భయపడిందే జరిగింది మాస్టారూ. 1870 డిసెంబరు ఎన్నికల్లో డెమొక్రాట్లు గెలిచారు. 1871లో బుల్లక్ రాజీనామా చేసి రాష్ట్రం వదిలి పారిపోయాడు. సెనేటర్ ట్యూనిస్ క్యాంప్‌బెల్ సంగతి చదివితే కడుపు తరుక్కుపోతుంది. న్యూజెర్సీలో 1812లో పుట్టాడు. మెకింతోష్ కౌంటీలో, డేరియన్ ఊరి చుట్టుపక్కల, విముక్తులైన బానిసలకు భూమి, బడి, పంచాయితీ అన్నీ నేర్పినవాడు. తెల్ల దొరలు కూలి ఎగ్గొడితే అడిగే మనిషి. 1876లో ఆయన్ని జైల్లో పెట్టి, గొలుసులు వేసి, ఒక తోటలో కూలికి పంపారు. 60 ఏళ్ళు దాటిన మనిషిని. అప్పట్లో జార్జియా ఖైదీలను అద్దెకిచ్చేది.

కృష్ణవేణి_77
శాసనం చేసినవాడి కాళ్ళకు గొలుసు.

నల్లమల_పిల్లోడు
ఆ కౌంటీ వాళ్ళు మాత్రం లొంగలేదనుకుంటా?

చరిత్ర_పిచ్చి
బాగా పట్టుకున్నావు. మెకింతోష్ కౌంటీలో క్యాంప్‌బెల్ చేసిన పని వృథా పోలేదు. ఆ కౌంటీ నుంచి నల్లజాతి సభ్యులు ఇంకా చాలా ఏళ్ళు గెలుస్తూనే వచ్చారు. చివరివాడు రోజర్స్, 1907లో రాజీనామా చేశాడు. మరుసటి ఏడే నల్లజాతి వాళ్ళ ఓట్లు ఊడబెరికే రాష్ట్ర రాజ్యాంగ సవరణ వచ్చింది. మళ్ళీ ఒక నల్లజాతి మనిషి జార్జియా శాసనసభకు గెలవడానికి 1962 దాకా పట్టింది, లీరాయ్ జాన్సన్ సెనేట్‌కు. 55 ఏళ్ళు.

తెనాలి_ప్లీడరు
1966 జనవరిలో కూడా గెలిచిన జూలియన్ బాండ్‌ను సభలో కూర్చోనివ్వలేదు ఇదే జార్జియా. వియత్నాం యుద్ధాన్ని తప్పుబట్టిన ప్రకటనను సమర్థించాడని. అదే ఏడాది డిసెంబరులో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదికి తొమ్మిది మందీ ఆయన వైపే తీర్పిచ్చారు. ఈసారి సభ కాదనలేకపోయింది.

గోదావరి_గట్టు
మిగతా రాష్ట్రాల్లో కూడా ఇలాగే పంపించారా?

చరిత్ర_పిచ్చి
అన్నిచోట్లా కాదు. 1868లోనే దక్షిణ కరోలినా దిగువ సభలో నల్లజాతి సభ్యులే మెజారిటీ. అక్కడ పంపడానికి లెక్క సరిపోదు కదా. యుద్ధంలో 1862లో శత్రు ఓడ నడుపుతూ కుటుంబంతో సహా యూనియన్ వైపు తప్పించుకొచ్చిన రాబర్ట్ స్మాల్స్ ఆ సభలో సభ్యుడు. జార్జియాలో వీళ్ళు తక్కువమంది, పైగా సొంత పార్టీ నిలబడలేదు. అందుకే గెంటడం తేలికైంది.

అల్ఫరెట్టా_అత్త
ఆలస్యంగా చూశా. పీచ్‌ట్రీ తమ్ముడూ, పాపను ఆదివారం డౌన్‌టౌన్ తీసుకెళ్ళు. బంగారు గుమ్మటం ఉన్న కాపిటల్ ఆవరణలో వీళ్ళ గుర్తుగా 1978లో పెట్టిన శిల్పం ఉంది. రంగు కారణంగా బహిష్కరించబడ్డవాళ్ళు అని అర్థం వచ్చే పేరు పెట్టారు. 12 ఏళ్ళు ఆ పక్కనే ఆఫీసుకు వెళ్ళి లంచ్ టైమ్‌లో ఆ చెట్ల కింద డబ్బా తెరుచుకుని తిన్నాను. ఒక్కసారి కూడా దగ్గరికెళ్ళి చదవలేదు. మా అబ్బాయి ఎనిమిదో తరగతికి వచ్చినప్పుడు వాడు చూపిస్తే తెలిసింది.

పీచ్‌ట్రీ_నాన్న
వెళ్ళొచ్చాం అక్కా. పాప శిల్పం చుట్టూ రెండుసార్లు తిరిగింది, ఫోటోలు తీసుకుంది.

చార్టు ఇలా వచ్చింది. కౌంటీ పక్కన మూడు గడులు: ఏప్రిల్ 1868, సెప్టెంబరు 1868, జనవరి 1870. రెండో గడిలో పంపేసినవాళ్ళ పేర్ల మీద ఒక్క గీత, చదవడానికి వీలుగానే. ఆ నలుగురికి గీత లేదు, పక్కన చిన్న చుక్క పెట్టి కింద కారణం రాసింది. అడుగున 83–23 అని పెద్దగా. మాస్టారు చెప్పిన 250 ఏళ్ళ మాట కూడా తన ఇంగ్లీషులో రాసుకుంది. గ్రీన్ కౌంటీ వరసలో కోల్బీ కూతురి గురించి రాయొచ్చా అని అడిగింది. రాయమన్నాను.

కృష్ణవేణి_77
రాసిందా? ఆ పిల్ల పేరు నాకు దొరకలేదు నాన్నా.

పీచ్‌ట్రీ_నాన్న
"కోల్బీ గారి అమ్మాయి" అని రాసింది.

వరంగల్_మాస్టారు
ఒక్క చిన్న మాట. మూడో గడిలో తిరిగొచ్చినవాళ్ళ పేర్లు మొదటి గడిలో రాసిన సైజులోనే రాయించండి. చోటు చాలక పిల్లలు చివర్లో చిన్నగా రాస్తారు.

పీచ్‌ట్రీ_నాన్న
అదే సైజు మాస్టారూ. స్కెచ్ పెన్ను కూడా అదే.